మళ్ళీ పాడిన పాట

ప్రవేశిక

ఒకరు పాడిన పాటను మరొకరు పాడడం లోకంలో ఎప్పుడూ ఉన్నదే. అయితే తరువాత పాడినది మొదట పాడినదానిని మించగలదా? కొందరు మించదంటారు. కొందరు మించగలదంటారు. వాదం వచ్చినప్పుడు ఉదాహరణలు చూపి, కారణాలు విచారించి, ఒక నిర్ణయానికి రావడం వివేకం. అది ఎట్లాగో తెలుపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

శిల్పి చెక్కిన బొమ్మ చెక్కినచోట నిలిచి ఉంటుంది. చిత్రకారుడు గీసిన పటం గోడమీద అలాగే ఉంటుంది. పాట సంగతి అట్లా కాదు. పాడడం ఆగిన మరుక్షణం అది గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ బ్రతకాలంటే దానికి మరొక గొంతు కావాలి. అందువల్ల మళ్ళీ పాడించుకోవడం పాటకు పుట్టుకతో వచ్చిన గుణం.

పాఠశాల వార్షికోత్సవంలో ఒక విద్యార్థి ఘంటసాల పాటను చక్కగా పాడాడనుకోండి. సభలో ఒకరు “అచ్చం ఘంటసాలే!” అని మెచ్చుకొంటారు. మరొకరు “ఎంత పాడినా ఘంటసాల ఘంటసాలే” అని పెదవి విరుస్తారు. ఒకరిది మెప్పు, మరొకరిది విరుపు. అయినా ఇద్దరి చేతిలోని కొలబద్ద ఒక్కటే. మొదట విన్నదే ప్రమాణమనీ, తరువాత వచ్చినది దానికి ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్ప అనీ ఇద్దరూ నమ్ముతున్నారు. ఈ నమ్మకం సరియైనదేనా?

దీనికి జవాబు వెదకడానికి సిరొంచ ప్రాంతం మంచి చోటు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు అంచున ఈ తాలూకా ఉన్నది. వార్ధా, వైన్‌గంగా నదులు కలిసి ప్రాణహితగా మారి, సిరొంచ సమీపంలో గోదావరిలో కలుస్తాయి. అవతలి ఒడ్డున తెలంగాణలోని కాళేశ్వరం. ఇంకా దిగువకు పోతే ఇదే తాలూకాలో సోమనూరు దగ్గర ఇంద్రావతి కూడా గోదావరిని చేరుతుంది. నదులు కలిసినట్లే ఇక్కడ భాషలూ కలుస్తాయి. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, బజారులో హిందీ, అడవి పల్లెలలో గోండీ, మాడియా వినిపిస్తాయి. ఇక్కడి పిల్లలలో చాలామంది చెవులకు మూడు నాలుగు భాషల పాటలు చిన్ననాటినుండే పరిచయం.

ఈ ప్రాంతంలో తెలుగువారు బతుకమ్మ పండుగ చేసుకొంటారు. స్త్రీలు పూలు పేర్చి, చుట్టూ తిరుగుతూ, చప్పట్లు చరుస్తూ పాడుతారు. ఒకామె చరణం ఎత్తుకొంటే మిగిలినవారు ‘ఉయ్యాలో’ అని అందుకొంటారు. అవతలి ఒడ్డునుండి ఈ ఊరికి కోడలుగా వచ్చిన ఆడపడుచు తన పుట్టింటి చరణాలను వెంట తెచ్చుకొంటుంది. అత్తవారింట పాడేటప్పుడు అక్కడి మాటలు కొన్ని చేరుతాయి. మరచిపోయినచోట కొత్త మాట పడుతుంది. ఆమె కూతురు నేర్చుకొనేసరికి పాట మరికొంత మారుతుంది. ఇన్ని గొంతులలో ‘అసలు పాట’ ఏది? తల్లి పాడినదా, కూతురు పాడినదా? ఈ ప్రశ్నకు జవాబు లేదు. జానపద గేయానికి కర్త పేరు తెలియదు. మొదటి రూపం ఎవరికీ దొరకదు. గోండుల రేలా పాటలూ అటువంటివే. బృందం కదిలేకొద్దీ చరణాలు పెరుగుతాయి. అక్కడ ప్రతి గానమూ మళ్ళీ పాడడమే, ప్రతి గానమూ మొదటిదే.

మన సాహిత్య సంప్రదాయం కూడా మళ్ళీ చెప్పడాన్ని ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. కవిత్రయంవారు వ్యాసుని భారతాన్ని తెలుగులో మళ్ళీ చెప్పారు. పోతన భాగవతాన్ని మళ్ళీ చెప్పాడు. సంస్కృత భాగవతం ఎరుగని పల్లెవాసి కూడా పోతన పద్యం వింటే పరవశిస్తాడు. విశ్వనాథ సత్యనారాయణ ‘శ్రీమద్రామాయణ కల్పవృక్షం’ వ్రాస్తూ, ఇందరు చెప్పిన రామకథను మరల చెప్పడమెందుకని తానే ప్రశ్న వేసుకొన్నాడు. లోకమంతా నిత్యం అదే అన్నం తింటున్నది గదా, ఎవరి రుచి వారిది గదా అనే భావంతో తానే సమాధానం చెప్పుకొన్నాడు. ఆ కావ్యానికే 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించింది.

సంగీతంలోనూ అంతే. కర్ణాటక సంగీతంలో ఒకే కృతిని వందలమంది పాడుతారు. ఎవరి గురువు నేర్పిన రూపం వారిది. దానిని ‘పాఠాంతరం’ అంటారు. పాఠాన్ని చెదరనీయకుండా గాయకుడు తన ఊహతో చేర్చే అందాన్ని ‘మనోధర్మం’ అంటారు. రెండూ ఉంటేనే మంచి గానం. పాఠాంతరం లేకపోతే పాట చెడుతుంది. మనోధర్మం లేకపోతే ప్రాణం ఉండదు.

కొన్ని పాటలకు మొదటి గానమే మిగలలేదు. తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి. వాటిలో కొన్ని వేలు రాగిరేకులమీద చెక్కబడి తిరుమల ఆలయంలో చాలాకాలం మరుగున ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్దంలో అవి వెలుగు చూసినప్పుడు రేకులమీద సాహిత్యం ఉన్నది, రాగం పేరు ఉన్నది. స్వరం లేదు. అన్నమయ్య ఎట్లా పాడాడో తెలిపే ఆధారం చాలా పాటలకు లేకపోయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి మొదలైన విద్వాంసులు వాటికి వరుసలు కట్టారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వంటి గాయకులు పాడారు. నేడు తెలుగువారి ఇండ్లలో వినిపించే అన్నమయ్య పాటలలో చాలావరకు ఇట్లా మళ్ళీ జన్మించినవే. వారు “మొదటి వరుస తెలియదు గదా” అని ఊరుకొని ఉంటే ఆ పాటలు రేకులమీదనే ఉండిపోయేవి.

సిరొంచనుండి గోదావరి వెంట దిగువకు పోతే భద్రాచలం వస్తుంది. పదునేడవ శతాబ్దంలో అక్కడ ఆలయం కట్టించిన కంచర్ల గోపన్నయే భక్త రామదాసు. ఆయన కీర్తనలు భజన మండలుల నోట తరతరాలుగా నిలిచాయి. ఆధునిక కాలంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) వాటిని రేడియోలోను, రికార్డులలోను పాడి ఇంటింటికీ చేర్చాడు. చెరసాలలో గోపన్న గొంతు ఎట్లా పలికిందో మనకు తెలియదు. కాని ఆయన వేదన ఈనాటి వారికి అర్థమైనదంటే అందులో మళ్ళీ పాడినవారి పాలు ఎంతో ఉన్నది.

మరి ‘మొదటిదే అసలు’ అనే భావం ఎప్పుడు బలపడింది? గ్రామఫోను వచ్చిన తరువాత. మన దేశంలో 1902లో కలకత్తాలో పాటల రికార్డింగు మొదలైంది. అంతవరకు గాలిలో కలిసిపోతూ వచ్చిన గానం పళ్ళెంమీద నిలిచిపోయింది. ఎన్నిసార్లు వేసినా అదే గొంతు, అదే ఊపిరి, అదే విరుపు. తరువాత సినిమా వచ్చింది. పాటతోపాటు నటుని ముఖం, కథలోని సందర్భం కూడా మనస్సులో ముద్రపడ్డాయి. అప్పటినుండి ఎవరు మళ్ళీ పాడినా పోల్చి చూడడానికి ఒక ‘మొదటిది’ సిద్ధంగా ఉన్నది.

ఈ పోలికకు చక్కని ఉదాహరణ తెలుగు, హిందీ చిత్రాలలోనే ఉన్నది. 1953లో హిందీలో ‘అనార్కలి’ చిత్రం వచ్చింది. దానికి సంగీతం కూర్చిన సి. రామచంద్ర మహారాష్ట్రలోని పుణతాంబాలో పుట్టినవాడు. అందులో లతా మంగేష్కర్ పాడిన పాటలు దేశమంతా మారుమ్రోగాయి. 1955లో అదే కథతో తెలుగులో ‘అనార్కలి’ వచ్చింది. సంగీత దర్శకుడు పి. ఆదినారాయణరావు. హిందీ చిత్రంలోని ప్రసిద్ధమైన ఒక వరుసను ఆయన తెలుగులోకి తెచ్చాడు. ఆ పాటను జిక్కి పాడింది. లత పాడిన తరువాత అదే వరుసను పాడడం సామాన్యమైన సాహసం కాదు. జిక్కి లతను అనుకరించలేదు. తన గొంతులోని పచ్చిదనాన్ని అలాగే ఉంచి, తెలుగు మాటను తెలుగు మాటగా పలికింది. అందుకే తెలుగు శ్రోతలు దానిని తెచ్చుకొన్న పాటగా భావించలేదు. తమ పాటగానే పాడుకొన్నారు.

రెండేండ్ల తరువాత ప్రవాహం ఎదురు తిరిగింది. 1957లో ఆదినారాయణరావే సంగీతం కూర్చిన ‘సువర్ణసుందరి’ తెలుగులో విడుదలైంది. అందులో ఘంటసాల, జిక్కి కలిసి పాడిన ఒక రాగమాలిక ఉన్నది. ఆ చిత్రాన్ని హిందీలోనూ తీసినప్పుడు ఆ పాటను మహమ్మద్ రఫీ, లతా మంగేష్కర్ పాడారు. తెలుగు ఎరుగని లక్షలమంది ఉత్తరాది శ్రోతలకు అదే మొదటి పాట. తెలుగు శ్రోతలకు అది రెండవ పాట. ఏది మిన్న?

జాగ్రత్తగా వింటే రెండింటికీ వేరువేరు అందాలున్నాయి. తెలుగు అజంత భాష. మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. కాబట్టి మాట చివర స్వరాన్ని సాగదీయడానికి గాయకునికి చోటు దొరుకుతుంది. హిందీలో చాలా మాటలు హల్లుతో ఆగుతాయి. అక్కడ గాయకుడు ముందరి అచ్చుపై నిలిచి, చివర హల్లును సున్నితంగా తాకి వదలాలి. ఒకే వరుస రెండు భాషలలో రెండు నడకలు నడుస్తుంది. ఘంటసాల గంభీరమైన గొంతులో రాగం నిండుగా నిలుస్తుంది. రఫీ, లతల గొంతులలో అదే రాగం పలుచని పట్టులా జారుతుంది. తెలుగు పాట తక్కువ కాదు. హిందీ పాట నకలు కాదు. ఇక్కడ గెలుపు ఓటముల ప్రశ్న కంటె, రెండవ గానం మొదటి దానిలో దాగిన మరొక అందాన్ని బయటికి తెచ్చిందా అనేది ముఖ్యం. తెచ్చిందనే చెప్పాలి.

మరాఠీ సోదరుల ‘గీత రామాయణం’ మరింత విచిత్రమైన ఉదాహరణ. గ.ది. మాడ్గూళ్కర్ వ్రాసిన ఈ 56 పాటలకు సుధీర్ ఫడ్కే సంగీతం కూర్చాడు. 1955 ఏప్రిల్ 1న పుణె ఆకాశవాణి కేంద్రం ప్రసారం ప్రారంభించింది. అప్పుడు ఆయా పాత్రల పాటలను వేరువేరు గాయనీ గాయకులు పాడారు. తరువాతి కాలంలో ఫడ్కే అన్ని పాటలనూ తానొక్కడే సభలలో పాడాడు. ఆ రికార్డులు మహారాష్ట్రలో ఇంటింటికీ చేరాయి. నేడు గీత రామాయణం అనగానే చాలామందికి చెవిలో మ్రోగేది ఫడ్కే గొంతు. రెండవ గానం మొదటి గానాన్ని ప్రచారంలో మించిపోయింది. కారణం సులభంగా తెలుస్తుంది. ఒకే గొంతు కథనంతా చెప్పడం మన హరికథా సంప్రదాయానికి దగ్గరైనది. వినేవారికి పాత్రలు మారినా కథకుడు మారడు.

కరుణశ్రీగా ప్రసిద్ధుడైన జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912–1992) రచించిన ‘పుష్పవిలాపం’ పద్యాలు పుస్తకంలో చదివినవారిని కదిలించాయి. వాటిని ఘంటసాల (1922–1974) రాగయుక్తంగా పాడి రికార్డు చేసిన తరువాత అవి చదువురాని వారిని కూడా కదిలించాయి. పద్యం కవిది, గొంతు గాయకునిది. ఇక్కడ ఒకరు మరొకరిని మించలేదు. ఒకరు మొదలుపెట్టిన పనిని మరొకరు పూర్తిచేశారు.

అయితే మించడంలో ఒక అపాయం కూడా ఉన్నది. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో (1946–51) నిజాం పాలనను ఎదిరిస్తూ బండి యాదగిరి ఒక పాట కట్టాడు. అది ‘బండెనక బండి’ అనే పేరుతో ప్రసిద్ధం. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో తయారైన ‘మాభూమి’ చిత్రంలో ఆ పాటను గద్దర్ (మరణం 2023) పాడాడు. ఆ గొంతులోని పొగరు, కాలి గజ్జెల దరువు పాటకు కొత్త బలాన్నిచ్చాయి. చిత్రం చూడనివారు కూడా ఆ పాట నేర్చుకొన్నారు. యాదగిరి నాడు పాడినది ఎవరూ రికార్డు చేయలేదు. కాబట్టి పోల్చి చూసే వీలే లేదు. పాట గద్దర్‌దేనని అనుకొనేవారు చాలామంది ఉన్నారు. మళ్ళీ పాడడంవల్ల పాట బ్రతికింది, కాని కట్టినవాని పేరు గొంతు వెనుక మరుగైంది. పాట పెరిగినప్పుడు పేరు తరిగితే అది న్యాయమా?

ప్రాణహిత గోదావరి ఉపనదులన్నింటిలో పెద్దది. సంగమం తరువాత ప్రవాహంలో దాని నీరు ఎంతో ఉన్నా నది పేరు గోదావరియే. పాటలలో తరచు ఇట్లాగే జరుగుతుంది. చివరకు మిగిలే పేరు ఒక్కటే. మిగిలిన పేర్లను జ్ఞాపకం పెట్టుకొనవలసిన బాధ్యత పాడేవారిది, వినేవారిది.

మళ్ళీ పాడినవన్నీ మంచివి కావు. 1980వ దశకంలో క్యాసెట్లు చౌకగా వచ్చాయి. పాత పాటలను కొత్త గాయకులచేత పాడించి తక్కువ ధరకు అమ్మడం పెద్ద వ్యాపారమైంది. వాటిలో కొన్ని కొత్త గాయకులకు బ్రతుకుతెరువు చూపాయి. చాలావరకు మొదటి గాయకుని గొంతును అనుకరించినవే. అనుకరణ ఎంత బాగున్నా నీడవంటిది. నీడ మనిషి వెనుక నడవగలదు గాని మనిషిని దాటి నిలువలేదు. తరువాత వచ్చిన ‘రీమిక్సు’ పాటలలో వేగం పెరిగి, వాద్యాల హోరులో మాటలు వినబడకుండా పోయినవీ ఉన్నాయి. మాట వినబడనప్పుడు పాటను మించడం మాట అట్లా ఉంచి, పాట మిగలడమే కష్టం.

ఈ విషయంలో చట్టం కూడా కలుగజేసికొన్నది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, ఒక పాట మొదట రికార్డయిన సంవత్సరం తరువాత ఐదు క్యాలెండరు సంవత్సరాలు గడిచేవరకు దానిని మరొకరు ఈ పద్ధతిలో మళ్ళీ పాడించి అమ్మరాదు. ముందుగా తెలియజేసి, హక్కుదారులకు రాయల్టీ చెల్లించాలి. సాంకేతికంగా తప్పనిసరియైన మార్పులు తప్ప పాటను మార్చరాదు. మొదటి గాయకుని పేరో బొమ్మో వేసి కొనేవారిని భ్రమింపజేయరాదు. ఇది మళ్ళీ పాడినదని అట్టమీద స్పష్టంగా తెలుపాలి. చట్టం చెప్పిన ఈ మాటలలో ఒక నీతి ఉన్నది. మళ్ళీ పాడు, కాని కట్టినవానికి చెందవలసినది చెందనీ. నీ పాటను నీ పాటగానే చెప్పుకో.

ఇక నిర్ణయానికి వద్దాం. తరువాతి గానం మొదటి దానిని మించగలదు. ఉదాహరణలు ఆ సంగతి చెబుతున్నాయి. అయితే దానికి మూడు లక్షణాలు ఉండాలి. మొదటిది, సాహిత్యాన్ని అర్థం చేసికొని స్పష్టంగా పలకాలి. రెండవది, మొదటి గాయకుని గొంతును అరువు తెచ్చుకోక తన గొంతుతో పాడాలి. మూడవది, మళ్ళీ పాడడానికి ఒక అవసరం ఉండాలి. అన్నమయ్య పాటకు స్వరం లేకపోవడం ఒక అవసరం. మరొక భాషవారికి పాట చేరవలసిరావడం ఒక అవసరం. ఒక తరం మరచిన పాటను మరొక తరానికి అందించడం ఒక అవసరం. అమ్మకం ఒక్కటే అవసరమైనచోట పాట సాధారణంగా తేలిపోతుంది.

ఇంకొక విషయం మరువరాదు. మనం మొదట విన్నదే మనకు తియ్యగా ఉంటుంది. తాత మొదట విన్నది ఒక గొంతు, మనుమడు మొదట విన్నది మరొక గొంతు. ఇద్దరూ “నాదే అసలు పాట” అంటారు. చెవికి అలవాటైనదానిని గొప్పదనుకోవడం సహజం. అలవాటు వేరు, గుణం వేరు. రెండు గానాలనూ ఓపికతో విని, మాట, వరుస, భావం అనే మూడింటినీ విడివిడిగా తూచి చెప్పేవాడే మంచి శ్రోత.

సరిహద్దు ప్రాంతంలోని తెలుగు పిల్లలకు ఈ విచారణ కేవలం సంగీతానికి సంబంధించినది కాదు. సినిమా పాటకు రికార్డున్నది. ఎవరు పాడినా పాడకపోయినా మొదటి గొంతు ఎక్కడో భద్రంగా ఉంటుంది. గోదావరి ఒడ్డున అవ్వలు పాడే నాటు పాటలకు, విసుర్రాయి పాటలకు, పెండ్లి పాటలకు అట్టి భద్రత లేదు. వరినాట్లు వేసేటప్పుడు వంగిన నడుములతో పాడిన పాట ఆ మడిలోనే నిలిచిపోతుంది. పిండిమర వచ్చి విసుర్రాయి మూలపడ్డది. దానితోపాటు పాటా మూలపడ్డది. బడిలో ఒక భాష, బజారులో ఒక భాష, ఇంట్లో ఒక భాష అయినచోట ముందుగా జారిపోయేది ఇంటి పాటయే. అవ్వతోపాటు పోయిన పాటను వెదకి తెచ్చే యంత్రం లేదు. అక్కడ “నేను పాడితే అవ్వ పాడినట్లు ఉండదు” అని వెనుకాడిన పిల్ల వినయం చూపుతున్నాననుకొంటుంది. కాని ఆ వెనుకంజవల్ల పాట మాయమవుతుంది. తప్పులతోనైనా పాడిన పిల్ల పాటను నిలబెడుతుంది. తప్పులను రేపు సరిదిద్దుకోవచ్చు.

కాబట్టి మొదటి పాటను మించడం గొప్పదే. అంతకంటె ముందు దానిని నిలుపుకోవడం అవసరం. నేర్చుకొని, అర్థం తెలిసికొని, సొంత గొంతుతో పాడాలి. పాడేముందు “ఈ పాట ఫలానావారు కట్టినది, ఫలానావారి దగ్గర నేర్చుకొన్నది” అని చెప్పాలి. పేరు తెలియని పాటయైతే “ఇది మా ఊరి పాట” అని చెప్పవచ్చు. ఆ ఒక్క మాటతో పాడినవారి గౌరవం తగ్గదు, కట్టినవారి గౌరవం నిలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
పరవశించు = ఆనందంతో తన్ను తాను మరచు
పాఠాంతరం = గురు పరంపరలో వచ్చిన పాట రూపం
మనోధర్మం = గాయకుడు తన ఊహతో చేర్చే అందం
రాగమాలిక = పలు రాగాలలో కూర్చిన పాట
అజంతం = అచ్చు చివర గలది
నకలు = మూలాన్ని చూసి చేసిన ప్రతి
అనుకరణ = మరొకరివలె చేయడం
సంగమం = నదులు కలిసే చోటు

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. సిరొంచ సమీపంలో గోదావరిలో కలిసే నది ఏది? అది ఏయే నదుల కలయికవల్ల ఏర్పడింది?
2. అన్నమయ్య రాగిరేకులమీద ఏమి ఉన్నది? ఏమి లేదు?
3. మన దేశంలో పాటల రికార్డింగు ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?
4. ‘గీత రామాయణం’ కవి ఎవరు? సంగీతం కూర్చినది ఎవరు?

II. క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. జానపద గేయానికి ‘అసలు రూపం’ లేదని ఎందుకు చెప్పారు?
2. ఒకే వరుస తెలుగులోను, హిందీలోను వేరువేరుగా వినిపించడానికి కారణమేమి?
3. మళ్ళీ పాడిన పాట మొదటి పాటను మించడానికి ఉండవలసిన లక్షణాలను వివరించండి.
4. “పాట పెరిగినప్పుడు పేరు తరిగితే అది న్యాయమా?” దీనిపై మీ అభిప్రాయాన్ని కారణాలతో వ్రాయండి.

III. క్రింది వాక్యాల సందర్భాన్ని తెలిపి వివరించండి.
1. నీడ మనిషి వెనుక నడవగలదు గాని మనిషిని దాటి నిలువలేదు.
2. ప్రతి గానమూ మళ్ళీ పాడడమే, ప్రతి గానమూ మొదటిదే.

IV. క్రింది మాటలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
పెదవి విరుచు, మరుగున ఉండు, మారుమ్రోగు, చిన్నచూపు చూచు

V. భాషాంశాలు
1. పాఠాంతరం = పాఠ + అంతరం (సవర్ణదీర్ఘ సంధి). ఇట్టి పదాలు మరి మూడు వ్రాయండి.
2. ‘రాగమాలిక’, ‘హరికథ’ అనే సమాసాలకు విగ్రహవాక్యాలు వ్రాసి, సమాసనామం తెలుపండి.

VI. చేయవలసిన పని
మీ ఇంట్లోగాని, మీ ఊళ్ళోగాని పెద్దలు పాడే ఒక పాటను విని వ్రాసికొనండి. వారు దానిని ఎవరి దగ్గర నేర్చుకొన్నారో, ఏ సందర్భంలో పాడేవారో అడిగి తెలిసికొని వ్రాయండి. అదే పాటను మరొక ఇంట్లో విని, తేడాలను పట్టికగా చూపండి. తరువాత తరగతిలో పాడి వినిపించండి. పాడేముందు మీకు నేర్పినవారి పేరు చెప్పండి.